గూగూడు పిల్లలు ఎక్కడికెళ్లినా



పట్టాలు అందుకున్న మీలో చాలామంది త్వరలో ఊరు దాటుతారు. కొందరికి బెంగళూరు, కొందరికి దుబాయ్, డల్లాస్. పక్క గదిలో ఉండేవాళ్లు మీరెన్నడూ వినని ప్రార్థన చేస్తారు, మీరు తినేది తినరు. అనంతపురం బిడ్డలకు ఇది బొత్తిగా కొత్త కాదు.

నార్పల మండలం గూగూడు మీకు తెలుసు. మొహర్రం నెలలో కుళ్లాయిస్వామి పీరు లేస్తుంది. నిప్పుల గుండం దగ్గర హిందువులూ ముస్లింలూ కలిసే ఉంటారు. చక్కెర చదివింపులు చేయిస్తారు, మొక్కు తీరితే బిడ్డకు కుళ్లాయప్ప అనో కుళ్లాయమ్మ అనో పేరు పెట్టుకుంటారు. వానలు లేని సీమలో ఏ దేవుడైతేనేం అనుకుని మొక్కుతారని కొందరంటారు. నేనలా అనుకోను. కరువు మనుషుల్ని కొట్లాడిస్తుంది కూడా. తరతరాలుగా ఒకరి పండగకు ఇంకొకరు చేయి వేయడం వల్ల కుదిరిన చనువు అది.

అమెరికాలో పాఠాలు చెబుతున్న తెలుగు కవి అఫ్సర్ ఈ ఊరి మీద ఏళ్లతరబడి పరిశోధించి, 2013లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. అందులో నాకు బాగా విలువైనది కలిసి మొక్కడం గురించిన వర్ణన కాదు. పీర్లకు మొక్కడం ఇస్లాంకు సరిపడదనే కొందరు ముస్లింల మాటనూ ఆయన దాచకపోవడమే. ఆ అభ్యంతరం కూడా భక్తి నుంచి వచ్చిందే. దాన్ని వెక్కిరిస్తూ చేసే స్నేహం నిలవదు.

మన గడ్డకు వచ్చి స్థిరపడినవారూ ఉన్నారు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెస్యూట్ అనే క్రైస్తవ సంఘం సభ్యుడిగా 1952లో ఇండియాకు వచ్చారు. 1968లో ప్రభుత్వం ఆయన్ను దేశం విడిచి వెళ్లమంది. మరుసటి ఏడు తిరిగొచ్చి అనంతపురం చేరారు. ఆపైన జెస్యూట్ సంఘాన్ని వదిలేశారు, అనంతపురాన్ని మాత్రం వదల్లేదు. 2009లో ఇక్కడే కన్నుమూశారు. పల్లెలు ఆయన్ను బళ్లతో, ఇళ్లతో, బత్తలపల్లి ఆసుపత్రితో గుర్తుపెట్టుకున్నాయి.

మీరు వెళ్లే చోట పొరుగువారు పండగకు పిలిస్తే వెళ్లండి. అర్థం కానిది అడిగి తెలుసుకోండి. మనసొప్పనిది మర్యాదగా వద్దనండి. వాళ్లు మీ గుడికి రాలేమంటే నొచ్చుకోకండి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, గూగూడు హిందువులదా ముస్లింలదా అని ఎవరైనా తగువు పెడితే మాత్రం ఊరుకోకండి, నోరు తెరిచి మాట్లాడండి.