పుట్టినరోజు పండుగ, పరువు బరువు

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలో, ఖాజా నాయబ్ రసూల్ దర్గాతో పేరుపొందిన అనుమసముద్రంపేట వంటి ఊళ్లలో, బిడ్డ పుట్టినరోజు ఒకప్పుడు కొత్త గుడ్డలు, తీపి వంటకం, పెద్దల దీవెనలతో ఇంటిలోనే ముగిసేది. హిందూ కుటుంబాలు దానిని తిథిని, జన్మనక్షత్రాన్ని బట్టి లెక్కించేవి. బంధువులను పిలిచే బారసాల, అన్నప్రాసన, పుట్టువెంట్రుకల వేడుకలు వేరు. నేడు మొదటి పుట్టినరోజుకే కల్యాణమండపం, అంతస్తుల కేకు, బిడ్డ ముఖంతో ఫ్లెక్సీ లేకపోతే పరువు దక్కదన్న భయం తల్లిదండ్రులను పట్టి పీడిస్తున్నది.

ఈ ఒత్తిడికి చదివింపుల ఆచారం బలం చేకూరుస్తున్నది. చదివింపులు అంటే శుభకార్యంలో అతిథులిచ్చిన సొమ్మును వారి పేరుతో పుస్తకంలో రాసుకొని, వారింటి కార్యానికి అంతకు తగ్గకుండా తిరిగి పెట్టడం. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో వెలువడిన తన బహుమాన సిద్ధాంతంలో, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ విధులేనని వివరించాడు. పెళ్లి ఖర్చును పదిమందీ పంచుకొనేందుకు అక్కరకు వచ్చిన ఈ మంచి ఏర్పాటు, ఏటేటా వచ్చే పుట్టినరోజుకు వ్యాపించినప్పుడు, వాననూ కూలినీ నమ్ముకొన్న ఇంటికి తీరని బాకీగా మారుతుంది. పిలిచినవారికీ, పిలుపు అందుకొన్నవారికీ అదే బరువు. ఇంత ఆర్భాటం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ ఏడాది బిడ్డ, నిద్రవేళ దాటాక, పాటల హోరులో, కెమెరా వెలుగులో, కొత్తవారి చేతులు మారుతూ ఏడుస్తూ ఉంటుంది.