ఒక్క మడిని చూచి విత్తనం మార్చవద్దు
(కంది ప్రయోగాలలో ఎన్ని మళ్ళు వేయాలి అనే విషయంపై ప్రసంగ పాఠం)



తాండూరు కందిపప్పు రుచి మీకు తెలియనిది కాదు. 2022లో మన కందికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కొత్త రకం వచ్చినప్పుడల్లా, “ఇది పాతదానికంటె మేలా?” అన్న ప్రశ్న పుడుతుంది. చాలామంది ఒక మడిలో కొత్తది, పక్క మడిలో పాతది వేసి చూస్తారు. చూడడం మంచిదే. ఆ ఒక్క పోలికతోనే తీర్పు చెప్పడం మాత్రం నష్టదాయకం.

ఎందుచేతనంటే, ఒకే చేనులో నేల ఒక్క తీరుగా వుండదు. ఒక మూల రేగడి లోతుగా వుంటుంది, మరొక మూల త్వరలోనే రాయి తగులుతుంది. ఎండు తెగులు కలిగించే శిలీంధ్రం నేలలోనే వుండి, అక్కడక్కడ గుంపులుగా మొక్కలను ఎండగొడుతుంది. మంచి రకం అటువంటి చోట పడితే చెడ్డదిగా కనబడుతుంది.

రెండు రకాలూ నిజానికి సమానమే అనుకుందాం. అయినా ఒక జత మళ్ళలో కొత్తది గెలిచే అవకాశం 2లో 1 వుంటుంది. ఇది రూపాయి బిళ్ళ ఎగురవేసినట్లే. మూడు జతలలోను అదే గెలిచే అవకాశం 8లో 1. ఆరు జతలలోను గెలిచే అవకాశం 64లో 1 మాత్రమే. జతలు పెరిగినకొద్దీ అదృష్టం పాలు తగ్గుతుంది.

ఇంకొక సంగతి. చిన్న లాభాన్ని పట్టుకోవాలంటే ఎక్కువ జతలు కావాలి. జత మళ్ళ తేడాలో హెచ్చుతగ్గులు ఎకరానికి 1 క్వింటాలు వున్నవనుకోండి. దీనినే శాస్త్రజ్ఞులు ప్రమాణ విచలనమంటారు. కొత్త రకం నిజంగా 1 క్వింటాలు ఎక్కువ ఇచ్చేదైతే, పదింట ఎనిమిదిసార్లు ఆ సంగతి తేలడానికి సుమారు 10 జతలు చాలును. లాభం అర క్వింటాలే అయితే సుమారు 34 జతలు కావాలి. మూడు జతలు వేసి “తేడా లేదు” అనడం, పెద్ద కన్నుల వల వేసి చెరువులో చిన్న చేపలు లేవన్నట్లుంటుంది.

ఒక్క రైతు ఇన్ని జతలు వేయలేడు గదా అంటారు. నిజమే. ఊళ్ళో పన్నెండుమంది తలా ఒక జత వేస్తే పన్నెండు జతలవుతాయి. అప్పుడీ పద్ధతులు పాటించండి:

1. రెండు మళ్ళు పక్కపక్కనే, సమాన కొలతలో వుండాలి.
2. ఏ మడిలో ఏ రకమో చీటీ వేసి నిర్ణయించాలి. ఈ పద్ధతిని ఇంగ్లండులో ఫిషర్ అనే శాస్త్రజ్ఞుడు దాదాపు నూరేళ్ళ క్రిందట బోధించాడు.
3. విత్తే రోజు, ఎరువు, మందు రెండింటికీ ఒకటే కావాలి.
4. అంచు సాళ్ళు వదలి, ప్రతి మడి గింజలు విడిగా తూచి వ్రాసుకోవాలి.
5. ఒక మడిలో నూరు మొక్కలు కొలిచినా అది ఒక్క మడియే. నూరు ప్రయోగాలు కాదు.

విత్తే ముందే తాండూరు వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రజ్ఞులను అడిగి జతల సంఖ్య నిర్ణయించుకోండి. కోత తరువాత అడిగితే, వేయని మళ్ళను ఎవరూ చేర్చలేరు.