మూడు అణాల లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ బడిలో నేర్చుకున్న ఒక పాఠం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఇంజనీరును కాబట్టి లెక్కల గురించో సైన్సు గురించో చెబుతానని ఆయన అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేదీ లెక్కే గానీ, దాన్ని నేర్పింది మా సోషల్ మాస్టారు.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా మాస్టారు మాతో మాక్ పార్లమెంటు పెట్టించారు. బాగా చదివేవాళ్ళంతా మంత్రులయ్యారు. నన్ను చూసి, "నువ్వెలాగూ వెనక బెంచీ వాడివేగా, అక్కడి నుంచే లేచి మాట్లాడు, నువ్వు లోహియావి" అన్నారు. లోహియా ఎవరో నాకు తెలియదు. ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసిచ్చారు. నా పక్కన కూర్చునే మిత్రుణ్ణి ప్రణాళికా మంత్రిని చేశారు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని కొట్లాడుకోవాలి.

రామ్ మనోహర్ లోహియా 1910లో ఉత్తరప్రదేశ్‌లోని అక్బర్‌పూర్‌లో పుట్టారు. బెర్లిన్‌లో డాక్టరేటు చేశారు, ఆయన పరిశోధన ఉప్పు పన్ను మీద. క్విట్ ఇండియా రోజుల్లో అజ్ఞాతంలో ఉండి పనిచేశారు. మన ప్రాంతంతోనూ ఆయనకు గట్టి సంబంధమే ఉంది. 1955 చివర్లో ఆయన సోషలిస్టు పార్టీ మొదలైంది హైదరాబాదులోనే. ఆయన నడిపిన 'మ్యాన్‌కైండ్' పత్రిక వచ్చింది హైదరాబాదు నుంచే. ఆయన రచనలను అచ్చువేసి నిలబెట్టిన బదరీ విశాల్ పిత్తి హైదరాబాదు మనిషి.

1962 ఎన్నికల్లో లోహియా ఫూల్‌పూర్‌లో నెహ్రూ మీద పోటీ చేసి ఓడిపోయారు. మరుసటి ఏడాది ఫరూఖాబాద్ ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. ఆయనది చిన్న పార్టీ, పదవి లేదు. సభలో హిందీలోనే మాట్లాడేవారు. 1967 అక్టోబరులో చనిపోయారు, అంటే పార్లమెంటులో ఉన్నది నాలుగేళ్ళకు కొంచెం పైన, అంతే.

1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ నెహ్రూ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. లోక్‌సభ చరిత్రలో అదే మొదటిది. నాలుగు రోజులు చర్చ జరిగింది. తీర్మానానికి అనుకూలంగా 62 ఓట్లు, వ్యతిరేకంగా 347 ఓట్లు వచ్చాయి. ఓడిపోతుందని పెట్టినవాళ్ళకూ తెలుసు. అయినా ఆ చర్చను ఈనాటికీ చెప్పుకుంటున్నామంటే అందుకు ముఖ్య కారణం లోహియా చెప్పిన ఒక అంకె. ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడు అణాలతో బతుకుతున్నారని ఆయన అన్నారు. ప్రధాని మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు రోజుకు 25 వేల రూపాయలని కూడా ఆరోపించారు. సభలో గొడవ లేచింది. మూడు అణాలు కాదు, తలకు పదిహేను అణాలు అని నెహ్రూ జవాబిచ్చారు. తర్వాత ప్రణాళికా మంత్రి గుల్జారీలాల్ నందా ఏడున్నర అణాలు అన్నారు.

ఇక్కడున్న చిన్నవాళ్ళ కోసం ఒక మాట. రూపాయికి పదహారు అణాలు. 1957 నుంచే నయా పైసలు వచ్చినా జనం నోట్లో అణాలే ఆడేవి. మూడు అణాలంటే దాదాపు పంతొమ్మిది పైసలు.

మా క్లాసులో నేను "మూడు అణాలు" అని అరిచాను. మా మంత్రి "ఏడున్నర" అని అరిచాడు. ప్రధాని "పదిహేను" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చా? లెక్క చేసి చూపించండి" అని సుద్దముక్క చేతికిచ్చారు. నాకు చేతకాలేదు. బోర్డు మీద చేసింది నా పక్క మిత్రుడు.

ఆ లెక్కను ఇప్పుడు మీ ముందు చేస్తాను. పదిహేను అణాలను 365 రోజులతో హెచ్చవేస్తే ఏడాదికి 342 రూపాయలు. ఆనాటి తలసరి ఆదాయం దాదాపు అంతే. అంటే ప్రధాని చెప్పింది అబద్ధం కాదు, అది దేశం మొత్తానికి సగటు. ఆ సగటులో జమీందారూ ఉన్నాడు, మిల్లు యజమానీ ఉన్నాడు, పాలేరూ ఉన్నాడు. లోహియా అడిగింది దేశం సగటు కాదు. అప్పటి జనాభా 44 కోట్లు, అందులో 27 కోట్లంటే కింది అరవై శాతం. వాళ్ళ సంగతి ఏమిటని ఆయన అడిగారు. కింది అరవై మందికి తలా మూడు అణాలు, పై నలభై మందికి తలా 33 అణాలు ఉంటే నూరుగురి సగటు సరిగ్గా పదిహేనే వస్తుంది. ప్రధాని మాటా, లోహియా మాటా ఒకదాన్నొకటి కొట్టేయవు. మూడుకూ ఏడున్నరకూ మాత్రం పొసగదు, ఆ రెండూ కింది వాళ్ళ గురించే.

మూడు అణాలన్నది మరీ తక్కువ అంచనా అని తర్వాత చాలామంది అన్నారు. ఏడున్నరే సత్యానికి దగ్గర కావచ్చు. సరే, మంత్రి గారి ఏడున్నరనే ఖాయం చేసుకుందాం. 1962లో ప్రణాళికా సంఘం నిపుణుల బృందం ఒకటి మనిషి కనీసంగా బతకడానికి నెలకు 20 రూపాయలు కావాలని లెక్క కట్టింది. రోజుకు పదిన్నర అణాలకు కొంచెం పైన. ఏడున్నర అణాలంటే నెలకు పద్నాలుగు రూపాయలు. అంటే లోహియాను తప్పుపట్టడానికి ప్రభుత్వం చెప్పిన అంకె కూడా ప్రభుత్వమే ఒప్పుకున్న కనీస స్థాయికి కిందే ఉంది.

నెహ్రూ గారికి ఈ సందేహం లేదని నేను అనను. దేశ ఆదాయం పెరిగిందంటున్నారు, అది ఎవరి చేతికి పోయిందో చూడమని 1960లోనే మహలనోబిస్ అధ్యక్షతన కమిటీ వేసింది ఆయన ప్రభుత్వమే. లోహియా చేసిందేమిటంటే, కమిటీ గదుల్లో ఉన్న ఆ ప్రశ్నను సామాన్యుడికి అర్థమయ్యే అణాల్లోకి మార్చి, మంత్రులు జవాబు చెప్పక తప్పని చోట అడిగారు. అధికారం లేని సభ్యుడికి ఉండేది అదొక్కటే. ప్రశ్న వేయవచ్చు, ఆ జవాబు రికార్డులో ఉండిపోతుంది. 1971లో దండేకర్, రథ్ పేదరికం మీద తమ అధ్యయనాన్ని వెలువరించడం, కమిటీ తర్వాత కమిటీ పేదరికపు గీతను కిందికీ మీదికీ జరపడం, 2011లో పట్టణాల్లో 32 రూపాయలు, పల్లెల్లో 26 రూపాయలు చాలన్నందుకు దేశమంతా గగ్గోలు పెట్టడం, ఇవన్నీ ఆ ప్రశ్నకు మనుమలు, మునిమనుమలు.

ఈ పాఠం నాకు అసలు అర్థమైంది ఉద్యోగంలో చేరాక. కాలువల మీద పనిచేసే రోజుల్లో ఒక మేజరు మీద నీటి సరఫరా నివేదిక రాశాను. హెడ్ రెగ్యులేటరు దగ్గర వదిలిన నీటిని ఆయకట్టు ఎకరాలతో భాగించాను. ఎకరాకు రావలసినంత వచ్చిందని తేలింది. సంతకం పెట్టాను. వారం తర్వాత చివరి ఊళ్ళ నుంచి పదిమంది రైతులు వచ్చారు. వాళ్ళలో ఒక పెద్దాయన కోపం లేకుండానే అడిగాడు, "మా తూము కాడ కొలిశారా సారూ?" నేను కొలవలేదు. మర్నాడు వెళ్ళి చూస్తే తూములో బురద తప్ప నీళ్ళు లేవు. ఎగువన ఆరుతడి వేయాల్సిన పొలాల్లో వరి నాట్లు పచ్చగా ఉన్నాయి. నా భాగహారంలో తప్పు లేదు, కొలిచిన చోటే తప్పు. ఆ పూట నాకు మా మాస్టారు, సుద్దముక్క, పక్క బెంచీ మిత్రుడు అందరూ గుర్తొచ్చారు. అప్పటి నుంచి ఎక్కడ పనిచేసినా ముందు చివరి తూము దగ్గర కొలిచి, తర్వాతే పైకి వచ్చాను.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. నెలకు 20 రూపాయలన్న ఆ 1962 లెక్కలో చదువు ఖర్చు, వైద్యం ఖర్చు కలపలేదు. మరిచిపోయి కాదు. ఆ రెండూ ప్రభుత్వం ఇస్తుంది, పేదవాడు జేబులోంచి తీయనక్కరలేదు అనుకున్నారు. అంటే ఆ గీత నిలబడింది మన బడి లాంటి బడుల మీద, పక్క వీధిలోని ఆసుపత్రి లాంటి ఆసుపత్రుల మీద. 2009లో టెండూల్కర్ కమిటీ వచ్చి ఆ ఖర్చులనూ గీతలోకి తేవలసి వచ్చింది, జనం జేబులోంచే కడుతున్నారు కాబట్టి. ఈ ఊరి నుంచి పొద్దున్నే బయల్దేరే పసుపు బస్సులను చూస్తే మనకు వేరే నివేదిక అక్కర్లేదు. కూలికి వెళ్ళే తల్లి కూడా ఫీజు కడుతోంది. ఇందులో నేను ఎవర్నీ వేలెత్తి చూపను. నా పిల్లలు ఈ బడిలో చదవలేదు. ఈ బడి పెట్టిన చదువుతో ఉద్యోగం తెచ్చుకుని, ఆ జీతంతో వాళ్ళను వేరే బడికి పంపాను.

ఈ సంచికలో మన పూర్వ విద్యార్థుల వివరాల పట్టిక చూశాను. డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, విదేశాల్లో ఉన్నవాళ్ళు. చదువుతుంటే గర్వంగా అనిపించింది. తర్వాత మా బ్యాచి పేజీ తీసి ప్రణాళికా మంత్రి పేరు వెతికాను. లేదు. తొమ్మిదో తరగతి వేసవిలో వాళ్ళ నాన్న మంచం పట్టాడు. వాడు మిరప కోతలకు వెళ్ళాడు, మళ్ళీ బడికి రాలేదు. మన పట్టికను పదో తరగతి ప్యాసైన వాళ్ళ జాబితా నుంచి తయారు చేశారు. అది పదిహేను అణాల లెక్క. కష్టపడి తయారు చేసిన మిత్రులను తప్పుపట్టడం లేదు, అప్పట్లో నేనూ హెడ్ రెగ్యులేటరు దగ్గరే కొలిచాను.

అందుకని కమిటీ ముందు రెండు విన్నపాలు. హెడ్మాస్టరు గారి గదిలో ప్రవేశాల రిజిస్టర్లు ఉన్నాయి. ఆరో తరగతిలో చేరిన ప్రతి పేరునూ ఆ రిజిస్టర్ల నుంచి రాసుకుందాం. మధ్యలో మానేసినవాళ్ళూ ఈ బడి పూర్వ విద్యార్థులే, వాళ్ళకూ ఆహ్వానం వెళ్ళాలి. బ్యాచికి ఇద్దరు చొప్పున పూనుకుంటే వచ్చే వేసవికి అయిపోయే పని. మా బ్యాచి పని నేను చేస్తాను.

రెండోది ముఖద్వారం సంగతి. ఆర్చికి నేనూ చందా ఇచ్చాను, వెనక్కి అడగను. కానీ కట్టేముందు ఒక్కసారి ఇప్పటి ఉపాధ్యాయులను కూర్చోబెట్టి, ఈ ఏడాది ఏ పిల్లలు ఎందుకు మానేశారో అడుగుదాం. బస్సు లేకనా, ఇంట్లో జబ్బు వల్లనా, ఆడపిల్లలకు మరుగుదొడ్డి సరిగా లేకనా? ఆ జవాబు విన్నాక కూడా ఆర్చే ముందు కావాలంటే కట్టుకుందాం, డిజైను నేనే గీసిస్తాను.

మా మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఉంటే, నేను చెప్పిన లెక్కలో ఎక్కడైనా తప్పుంటే దిద్దేవారు. వెనక బెంచీ నుంచి నన్ను లేపి మాట్లాడించినందుకు ఆయనకు నమస్కరిస్తున్నాను.