లాఠీ ఎవరిది? లాఠీ కొన్న సంతకం ఎవరిది?
(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పోలీసుల గురించి మాట్లాడమంటే మనకు ముందు యాదికొచ్చేది లాఠీ, బాష్పవాయువు, బైండోవర్ కేసులు. ఈ సభలో కూర్చున్నవాళ్లలో ఉద్యమకాలంలో ఠాణా మెట్లు ఎక్కనివాళ్లు తక్కువ. ఆ ముచ్చట్లు మనం చాలా చెప్పుకున్నాం. ఇవాళ మేము లాఠీని కాస్త పక్కన పెట్టి, లాఠీ కొన్న బిల్లు సంగతి మాట్లాడదలిచాం. ఆ కాంట్రాక్టు ఎవరికిచ్చారు? ఎవరినడిగి ఇచ్చారు? చివరి సంతకం ఎవరిది? ఉద్యోగ మిత్రులకు ఈ ప్రశ్నల విలువ తెలుసు. ఆఫీసు ఎట్లాంటిదో గోడ మీది నినాదం చెప్పదు, పర్చేజ్ ఫైలు చెబుతుంది.

దీనికి మేము లండన్ నగర పోలీసును తీసుకుంటున్నాం. తెల్లదొరల దగ్గర పాఠం నేర్చుకోవాలన్న మోజుతో కాదు. వాళ్లు 1861లో బ్రిటిష్ ఇండియా నెత్తిన రుద్దిన పోలీసు చట్టం లండన్ నమూనా కాదు, ఐర్లండ్ ప్రజలను అదుపులో పెట్టడానికి తయారు చేసుకున్న నమూనా. తమ ఊరికి ఒక తీరు, ఏలుబడి కింద ఉన్నవాళ్లకు ఇంకో తీరు. అయినా లండన్‌నే ఎందుకు ఎంచుకున్నామంటే, పోలీసు సొమ్ము మీద పెత్తనం అక్కడ మూడు చేతులు మారింది. మొదట హోంమంత్రి, తర్వాత 23 మంది కూర్చున్న ఒక అథారిటీ, ఆ తర్వాత మేయర్. మూడు కాలాల్లో ఏం జరిగిందో కాగితాల మీద ఉంది. పోల్చి చూసుకోవచ్చు.

1829లో హోంమంత్రి రాబర్ట్ పీల్ లండన్ పోలీసును నెలకొల్పినప్పుడు బలగాన్ని నడపడానికి ఇద్దరు కమిషనర్లను పెట్టాడు. వాళ్లకు పైసలు ముట్టనివ్వలేదు. సొమ్ము, భవనాలు, కాంట్రాక్టులు చూడటానికి రిసీవర్ అని వేరే పదవి పెట్టి, జాన్ రే అనే లాయరును కూర్చోబెట్టాడు. మన భాషలో చెప్పాలంటే బిల్లు పెట్టేవాడు వేరు, ట్రెజరీ వేరు. ఆలోచన మంచిదే. కానీ కమిషనర్ల పైనా హోంమంత్రే, రిసీవర్ పైనా హోంమంత్రే. పోలీసు కోసం పన్ను కట్టిన లండన్ జనానికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. ఇంగ్లండ్‌లో మిగతా ప్రాంతాలకు స్థానిక పోలీస్ అథారిటీలు ఏర్పడ్డాయి గానీ రాజధానికి మాత్రం 2000 సంవత్సరం దాకా, అంటే 171 ఏళ్లు, హోంమంత్రే అథారిటీ.

అట్లా ఒకే పెద్దమనిషి కింద రెండు చేతులూ ఉంటే ఏమైతదో 1990లలో బయటపడింది. స్కాట్లండ్ యార్డ్ ఆర్థిక విభాగంలో డిప్యూటీ డైరెక్టర్ ఒకాయన ఉండేవాడు. పోలీసు కాదు, సివిల్ ఉద్యోగి. రహస్య నిఘా పనులకు కేటాయించిన నిధి ఆయన చేతి మీదుగా నడిచేది. 1986 నుంచి 1994 దాకా అందులోంచి సుమారు 50 లక్షల పౌండ్లు మింగాడు. ఆ సొమ్ముతో స్కాట్లండ్ కొండల్లో టోమిన్‌టౌల్ అనే పల్లెకు పోయి హోటలు కొన్నాడు, ఇండ్లు కొన్నాడు, ప్రభువు బిరుదు కూడా కొన్నాడు. ఊరు ఆయన్ని దొరవారూ అన్నది. 1995లో కోర్టు ఏడున్నరేళ్లు జైలుకు పంపింది.

గుమస్తా రెండు వందల రూపాయల టీఏ బిల్లులో తేడా చూపితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, మెమో వస్తుంది. ఇక్కడ ఎనిమిదేళ్లు ఎట్లా గడిచింది? నిధి రహస్యం కాబట్టి. రహస్యం అన్న మాట దొంగల్ని పట్టడానికి పుట్టింది. ఫైలు మీద ఆ ముద్ర పడ్డాక అడిగేవాడి నోరు మూతపడింది, దొంగ లోపలే కూర్చున్నాడు.

1999లో గ్రేటర్ లండన్ అథారిటీ చట్టం వచ్చింది. 2000 జూలైలో మెట్రోపాలిటన్ పోలీస్ అథారిటీ మొదలైంది, రిసీవర్ పదవి ముగిసింది. 23 మంది సభ్యులు. వాళ్లలో 12 మంది లండన్ అసెంబ్లీకి ఎన్నికైనవాళ్లు, మిగతావాళ్లు బయటి పౌరులు, మేజిస్ట్రేట్లు. ఎవరిని అరెస్టు చేయాలో కమిషనర్‌కు చెప్పే హక్కు వీళ్లకు లేదు. కానీ బడ్జెట్ వీళ్లది, ఆస్తులు వీళ్ల పేరు మీద, కాంట్రాక్టుల నియమాలు రాసేది వీళ్లు. ఒక పరిమితి దాటిన కాంట్రాక్టు కావాలంటే పోలీసు అధికారులు కాగితం రాసుకుని కమిటీ ముందు నిలబడాలి. ఏం కొంటున్నాం, ఎందుకు, ఎన్ని టెండర్లు వచ్చాయి, ఏటా నిర్వహణ ఎంత, వేరే దారి లేదా అని సభ్యులు అడుగుతారు. సమావేశానికి జనం పోయి కూర్చోవచ్చు. మినిట్స్ అచ్చవుతాయి. యూనిఫాం వేసుకున్న పెద్ద ఆఫీసరు ఒక కౌన్సిలరమ్మ ముందు కంప్యూటర్ల ధర ఎందుకు పెరిగిందో చెప్పుకోవడం, ఠాణాలో చేతులు కట్టుకుని నిలబడటం అలవాటైన మన కండ్లకు వింతగా కనబడుతుంది.

అందులో ఉద్యోగ మిత్రులు గమనించాల్సిన ముచ్చట ఒకటుంది. అథారిటీకి ట్రెజరర్ ఉంటాడు. చట్టవిరుద్ధమైన ఖర్చు జరగబోతోందని తెలిస్తే ఆయన రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి తీరాలి, దాని ప్రతి బయటి ఆడిటర్‌కు పంపాలి. 1988 నాటి చట్టం ఆయన మీద పెట్టిన బాధ్యత అది. పైవాడు చెప్పాడు, నేను సంతకం పెట్టాను అనే సాకు నడవదు. మన దగ్గర ఎంతమంది అకౌంట్స్ ఆఫీసర్లు ఫైలు మీద నిజం రాసి, మరుసటి నెలలో బదిలీ కాగితం అందుకున్నారో మీకే తెలుసు. అక్కడ చట్టం ఆ మనిషి వెనుక నిలబడింది.

ఇంత పకడ్బందీగా ఉన్నా అథారిటీకి రెండు సందులు మిగిలాయి. ఒకటి, వ్యాపార రహస్యం పేరుతో కొన్ని అంశాలను తలుపులు మూసి చర్చించడం. రెండోది పరిమితి. పరిమితి లోపలి ఖర్చు కమిటీ దాకా రాదు. పనిని ముక్కలు చేసి నామినేషన్ కింద ఇచ్చే విద్య మన కాంట్రాక్టర్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు గదా! అట్లాంటి చిన్న సందులోంచే లండన్ పోలీసుకు పెద్ద దెబ్బ తగిలింది.

2009 అక్టోబరులో లండన్ పోలీసు ప్రచార విభాగం ఒక కన్సల్టెంటును పెట్టుకుంది. న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రికకు డిప్యూటీ ఎడిటర్‌గా పనిచేసి బయటికొచ్చిన మనిషి. నెలకు రెండు రోజులు పని, రోజుకు వెయ్యి పౌండ్లు. ఏడాదికి మొత్తం 24 వేల పౌండ్లు. వందల కోట్ల బడ్జెట్‌లో అది చిల్లర. కొటేషన్లు మూడు తీసుకున్నారు, తక్కువ ధర ఆయనదే. ఫైలు చూస్తే అంతా సక్రమమే! మూడు కొటేషన్ల కథ మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర కమిషన్ 2012లో తేల్చిందేమంటే, కాంట్రాక్టు కుదరకముందే ఆ మనిషితో పని మొదలుపెట్టించారు. పత్రికేమో ఫోన్ల సందేశాలు దొంగతనంగా విన్నదన్న ఆరోపణల్లో ఉంది. ఆ ఆరోపణలను పోలీసులు సరిగ్గా విచారించలేదని గోల నడుస్తోంది. 2011 జూలైలో ఈ కాంట్రాక్టు సంగతి బయటికి రాగానే కమిషనర్ పాల్ స్టీఫెన్‌సన్ రాజీనామా చేశాడు. మరునాడు అసిస్టెంట్ కమిషనర్ జాన్ యేట్స్ కూడా. (ఫోన్ల కేసులో ఆ మాజీ ఎడిటర్‌ను 2015లో జ్యూరీ నిర్దోషిగా వదిలింది. అది కూడా చెప్పడం మా ధర్మం.) 24 వేల పౌండ్ల కాగితం కమిటీ బల్ల మీదికి వచ్చి ఉంటే, ఈ మనిషెవరని ఎవరో ఒకరు అడిగి ఉండేవాళ్లని మేము అనుకుంటున్నాం. పైసల మొత్తానికి పరిమితి పెట్టారు గానీ, కాంట్రాక్టు ఎవరికి పోతోంది అన్నదానికి పరిమితి పెట్టలేదు.

పెద్ద మొత్తం సంగతి చూడండి. 2012లో వెస్ట్ మిడ్‌లాండ్స్, సర్రీ పోలీసులు తమ పనుల్లో చాలావాటిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించాలని 150 కోట్ల పౌండ్ల టెండరుకు దిగారు. టెండరు ప్రకటన బయట పడింది, పత్రికలు రాశాయి, యూనియన్లు కదిలాయి. ఆ వేసవిలోనే లండన్ ఒలింపిక్స్‌కు కాపలా మనుషులను సరిపడా పంపలేక జీ4ఎస్ కంపెనీ చేతులెత్తేస్తే సైనికులను దించాల్సి వచ్చింది. సర్రీ వెనక్కి తగ్గింది. వెస్ట్ మిడ్‌లాండ్స్ పథకం కూడా ఆగిపోయింది. లింకన్‌షైర్‌లో మాత్రం అప్పటికే 20 కోట్ల పౌండ్ల పదేళ్ల కాంట్రాక్టు జీ4ఎస్ చేతికి పోయింది. అక్కడా అథారిటీయే ఒప్పుకుంది. కమిటీ ఉన్నంత మాత్రాన కమిటీ అడ్డుకుంటుందని నమ్మకండి. కమిటీ ఉంటే కాగితం కొన్నాళ్లు వెలుతురులో ఉంటుంది, ఆలోపు జనం కదలాలి. అంతే.

ఈ అథారిటీలను బ్రిటిష్ సర్కారు 2012లో ఎత్తేసింది. అథారిటీ సభ్యుల పేర్లు జనానికి తెలియవు, ఎన్నికైన ఒక్క మనిషి ఉంటే జవాబుదారీతనం వస్తుందన్నారు. ఆ వాదనలో మొదటి సగం నిజమే. రెండో సగం? 2012 నవంబరులో పోలీస్ కమిషనర్ల ఎన్నిక పెడితే 15 శాతం మంది వచ్చారు. వేల్స్‌లో ఒక పోలింగ్ కేంద్రంలో ఒక్క ఓటూ పడలేదు. 2025 నవంబరులో అక్కడి సర్కారే ఈ పదవులను 2028లో ఎత్తేస్తామని ప్రకటించింది.

లండన్‌లో అధికారం మేయర్ ఆఫీసుకు పోయింది. అప్పుడు మేయర్ బోరిస్ జాన్సన్. అసెంబ్లీ కమిటీ ఆయన్ని ప్రశ్నించవచ్చు, కాగితాలు తెప్పించుకోవచ్చు, కాంట్రాక్టును మాత్రం ఆపలేదు. 2014లో ఆయన జర్మనీ పోలీసుల దగ్గర మూడు వాటర్ కెనాన్లు కొన్నాడు. వాటర్ కెనాన్ అంటే ఏమిటో ఈ సభకు వర్ణించాల్సిన పని లేదు. ఇరవై ఏళ్లు దాటిన పాత బండ్లు, ధర 2,18,205 పౌండ్లు. అసెంబ్లీ సభ్యులు వద్దన్నారు. వాటిని వాడాలంటే హోంమంత్రి అనుమతి కావాలి. అనుమతి రాకముందే, చౌకగా దొరుకుతున్నాయని కొనేశాడు. 2015 జూలైలో హోంమంత్రి థెరిసా మే పార్లమెంటులో లేచి అనుమతి లేదన్నది. మరమ్మతులు, రంగులు అన్నీ కలిపి ఖర్చు 3 లక్షల 20 వేల పౌండ్లు దాటింది. ఒక్కనాడూ జనం మీద వాడని ఆ బండ్లను 2018లో పాత ఇనుము కింద 11,025 పౌండ్లకు అమ్మారు. ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లు కావడం ఇక్కడ చిన్న విశేషం.

మన సంగతి. ఇక్కడ పోలీసు పద్దు శాసనసభలో పాసవుతుంది, ఖర్చయ్యాక కాగ్ లెక్క చూస్తుంది. పద్దుకూ ఆడిట్‌కూ నడుమ, కాంట్రాక్టు ఇచ్చే రోజున, బయటివాళ్లు అడిగే బల్ల ఒక్కటీ లేదు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో భద్రతా కమిషన్ పెట్టమన్నది. విధానాలు చెప్పడం, పనితీరు మదింపు చేయడం దాని పని. కొనుగోలు ఫైలు ఆ కమిషన్ ముందుకు పోవాలని ఆ తీర్పులో లేదు. మేము అడుగుతున్నది ఆ పని కూడా కలపాలని. అందులో సర్కారుతో సంబంధం లేనివాళ్లు ఉండాలని, ఎంత మొత్తమైనా కన్సల్టెంట్ల నియామకం, నామినేషన్ మీద ఇచ్చిన ప్రతి పని దాని ముందుకు రావాలని.

అది అయ్యేదాకా విద్యార్థి మిత్రులు చేయగలిగిన పని ఉంది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ తన బడ్జెట్, ప్రతిపాదించిన ఖర్చులు, చెల్లింపుల నివేదికలు ఎవరూ అడగకముందే బయట పెట్టాలి. సెక్షన్ 24 కింద నిఘా, భద్రతా విభాగాలకు సర్కారు మినహాయింపు ఇవ్వవచ్చు, అయితే అవినీతి ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. రహస్యం అని జవాబొస్తే అప్పీలులో ఈ వాక్యాన్ని సెక్షన్ నంబరుతో సహా రాయండి. వాహనాలు, కెమెరాలు, కన్సల్టెంట్లు, ఈ మూడింటితో మొదలుపెట్టండి. జిల్లాకు ఇద్దరు చొప్పున పేర్లు ఇస్తే దరఖాస్తు నమూనా మా దగ్గరుంది, సభ ముగిశాక తీసుకుపోవచ్చు.