ముఠాలో పెద్దరికం

(వరి నాట్ల ముఠాను నడిపే ఒక అక్క చదువుల కేంద్రంలో చెప్పిన మాటలు)



నేను మీలాగే కూలి చేసుకునే మనిషిని. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. పదహారు మంది ఆడవాళ్లం ఒక ముఠాగా నాట్లకు పోతాం. ఆ ముఠాకు నన్ను పెద్దగా పెట్టుకున్నారు. పెద్దరికం అంటే ఏమిటో నాకు మొదట తెలియలేదు. అరిస్తే పని జరుగుతుంది అనుకున్నాను. ఒక తప్పు చేశాకగాని బుద్ధి రాలేదు. ఆ సంగతి మీకు చెబుతాను.

మా ముఠాలో ఒక పెద్దమ్మ ఉంది. పేరు ఎందుకులెండి. ఒక ఏడు నాట్లు జోరుగా సాగుతున్నాయి. పెద్దమ్మ వరుస మాటిమాటికీ వెనకబడుతోంది. గట్టు మీద రైతు చూస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. "నీ వల్ల అందరికీ ఆలస్యం అవుతోంది. చేతకాకపోతే రేపటి నుంచి రావద్దు" అని చేలోనే, అందరిముందూ అనేశాను.

ఆమె ఏమీ అనలేదు. తలవంచుకుని సాయంత్రం దాకా నాటు వేసింది. కూలి తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె రాలేదు. ఆమె వీధిలోని మరో నలుగురూ రాలేదు. పదకొండు మందిమి మిగిలాం. అక్కడ రెండెకరాల చేను దమ్ము చేసి ఉంది. నారు పీకి కట్టలు వేసి ఉంది. పొద్దు గూకేసరికి చేను సగం కూడా పూర్తి కాలేదు. మిగిలింది రైతు వేరే ముఠాకు ఇచ్చేశాడు. మా కూలి పోయింది. మాట కూడా పోయింది.

రాత్రి నేను పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటోంది. మోకాలు వాచి ఉంది. నన్ను చూసి కూర్చోమంది. "అమ్మాయీ, నాకు కాలు నొప్పి అని నాకు తెలుసు. నలుగురిలో ఆ మాట చెప్పుకుంటే నేను చెప్పుకోవాలి. నువ్వు అనకూడదు" అంది. నాకు చిన్నప్పుడు నారు పట్టుకోవడం నేర్పింది ఆమే. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. "తప్పయింది పెద్దమ్మా" అన్నాను. ఆమె ఇంట్లో అంటే సరిపోదు కదా! అందుకే మర్నాడు చేలో, అందరిముందూ మళ్లీ అన్నాను. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే క్షమాపణ చెప్పాలి.

ఆ రాత్రే పెద్దమ్మ ఒక ఉపాయం కూడా చెప్పింది. నారుమడిలో పీట వేసుకుని కూర్చుంటే తాను నారు పీకగలనంది. కట్టలు కట్టగలనంది. ఈ సంగతి ముఠాలో పెట్టాను. ఒక చెల్లెలు లేచి, "మేము రోజంతా నడుం వంచుతాం. కూర్చుని చేసేవాళ్లకు కూడా సమానం కూలేనా?" అని అడిగింది. ఆమెను ఎవరూ కసురుకోలేదు. అడగడం తప్పు కాదు. నారు లేకపోతే నాటు లేదు కదా అని ఒకరన్నారు. రేపు మనకూ మోకాళ్లు నొప్పులు వస్తాయి అని ఇంకొకరన్నారు. చివరికి నారు పీకేవాళ్లకూ సమానం వాటా అని ఒప్పుకున్నాం. ఆలస్యంగా వచ్చేవాళ్లకు మాత్రం కొంత తగ్గించాలి అనుకున్నాం. ఆ మాట చెప్పింది కూడా ఆ చెల్లెలే.

అప్పటినుంచి మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. అవి మీకూ పనికి వస్తాయి.

ఒకటి. బేరం దాచకూడదు. ఎన్ని ఎకరాలు, ఎంత గుత్త, ఆటో కిరాయి ఎవరిది, నారు ఎవరు పీకాలి – ఇవన్నీ పనికి ఒప్పుకోకముందే అందరికీ చెప్పాలి. రైతుతో మాట్లాడేటప్పుడు ఒక్కరే వెళ్లకూడదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి.

రెండు. లెక్క పుస్తకంలో రాయాలి. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఏ రోజుకారోజు రాయాలి. ఉదాహరణకు రెండెకరాలకు 9,600 రూపాయలు వచ్చాయి అనుకోండి. పదహారు మందికి పంచితే మనిషికి 600 రూపాయలు. ఈ లెక్క పైకి చదవాలి. తలా ఒక సంతకం పెట్టాలి. ఇప్పుడు రైతులు డబ్బు ఫోనులో వేస్తున్నారు. అది పెద్ద ఖాతాలో పడితే మిగతావాళ్లకు అనుమానం రావడం సహజం. అందుకే ఆ ఫోను అందరికీ చూపించాలి. ఆ రోజే పంచేయాలి.

మూడు. పెద్ద కూడా బురదలో దిగాలి. గట్టు మీద నిలబడి పని చెప్పేవాళ్ల మాట ఎవరికీ రుచించదు. తిరుగుళ్లకు, ఫోను ఖర్చులకు ఏమైనా తీసుకుంటే ఎంతో చెప్పి, అందరూ సరే అంటేనే తీసుకోవాలి.

నాలుగు. తప్పు ఉంటే పక్కకు పిలిచి చెప్పాలి. ముందు "ఏమైంది?" అని అడగాలి. మంచి పని చేస్తే మాత్రం అందరిలో చెప్పాలి. నోరు మంచిదైతే ఊరు మంచిది అవుతుంది అంటారు కదా!

ఐదు. ఒకరి మాట ఇంకొకరికి మోయకూడదు. ఇద్దరికి తగాదా వస్తే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. పెద్ద ఒక పక్షం పట్టిందా, ముఠా రెండు ముక్కలే.

నెల్లూరు జిల్లా దూబగుంట మాట మీలో చాలామంది వినే ఉంటారు. అక్కడి ఆడవాళ్లు చదువుల కేంద్రంలో కలుసుకున్నారు. సారా వల్ల ఇళ్లు ఎలా గుల్ల అవుతున్నాయో మాట్లాడుకున్నారు. 1992లో ఆ మాట జిల్లా అంతా పాకింది. ఊరూరా ఆడవాళ్లు సారాకు అడ్డం నిలిచారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం సారాను నిషేధించింది. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలిసింది. కానీ ఆమె వెనక, పక్కన ఎంతమంది నిలబడ్డారో ఆలోచించండి. ఒక్కతే వెళ్లి ఉంటే ఇంటికి పొమ్మని తరిమేవాళ్లు. నలుగురు నమ్మి వెంట నడిస్తేనే ఎవరైనా పెద్ద అవుతారు.

మా పెద్దమ్మ ఇప్పుడు కూడా నారుమడిలోనే ఉంటుంది. లెక్క చదివేటప్పుడు నా పక్కనే కూర్చుంటుంది. మొన్నటిదాకా వేలిముద్ర వేసేది. ఈ మధ్య అక్షరాలు నేర్చుకుని సంతకం పెడుతోంది. ఒకరోజు నేను కూడికలో తప్పు చేస్తే ఆమే పట్టుకుంది. నన్ను పక్కకు పిలిచి, చెవిలో చెప్పింది.

అదీ అక్కలారా పెద్దరికం అంటే. ఇక సెలవు.