మరమ్మతు పనికి టెండరు ఎవరికి?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేయించి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. తాటాకు మార్చుటకు ఆ కాలమున టెండరు పిలువవలసిన అగత్యము లేకపోయి యుండును.

నరసన్నపేట ప్రాంతమునకు ఆ అగత్యము తరచుగానే కలుగుచున్నది. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. అయిదేండ్లలో మూడు పెనుతుపానుల దెబ్బ శ్రీకాకుళం జిల్లాకు తగిలినది. తిత్లీ అయితే పలాస సమీపముననే తీరము దాటినది. ఎగిరిపోయిన రేకు అందరికిని కనబడును. శ్లాబు లోపల తుప్పు పట్టుచున్న ఇనుప చువ్వ ఎవరికిని కనబడదు. ప్రభుత్వ ధనముతో పేదలకు కట్టిన కాలనీ ఇండ్లను బాగుచేయించుటలో అసలు చిక్కు ఇక్కడనే యున్నది.

వంశధార ఇసుక మంచిదే. కాని కళింగపట్నము దెసగా సముద్రమును సమీపించిన కొలదియు గాలిలోను, కొన్ని చోట్ల నూతి నీటిలోను ఉప్పు హెచ్చును. ఆ ఉప్పు కాంక్రీటులోనికి దిగి చువ్వను చేరినచో తుప్పు మొదలగును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, అది కాంక్రీటును లోపలినుండి నెట్టి పగులగొట్టును. పెచ్చులు రాలును. పెచ్చు రాలిన చోటి క్రిందనుండి మంచము జరుపుకొని పండుకొను ముసలమ్మలు మన కాలనీలలో ఎందరు లేరు!

దీనిని రెండు విధములుగా బాగుచేయవచ్చును. రాలిన చోట సిమెంటు పూత పూసి సున్నము కొట్టుట ఒకటి. బిల్లు వ్రాయునాటికి అది ముచ్చటగా నుండును; లోపలి తుప్పు మాత్రము తన పని తాను చేసికొనుచునే యుండును. రెండవది, చువ్వ వెనుక వరకును కాంక్రీటును చెక్కి, తుప్పును బ్రష్షుతో గీకి, మరీ సన్నగిలిన చువ్వను మార్చి, రక్షణ పూత వేసి, గట్టి మిశ్రమముతో మరల పూడ్చి, కొన్ని దినములు తడుపుట. కాగితముపై రెండింటి పేరును ‘శ్లాబు మరమ్మతు’ అనియే వ్రాయవచ్చును. అట్లు వ్రాసిన యెడల ఒక కాంట్రాక్టరు మొదటి పనికి, మరియొకరు రెండవ పనికి ధర కట్టుదురు. ఆ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి తక్కువది ఏదని చూచుట లెక్కయే కాదు.

కాంట్రాక్టరును ఎన్నుకొనుట టెండరు తెరచిన దినమున జరుగునని మనము భ్రమపడుదుము. నా మట్టుకు నాకు, ఇంజనీరు పనుల పట్టిక వ్రాసిన దినముననే అది సగము జరిగిపోవునని తోచుచున్నది. అంచనాకు ఇంత శాతము తక్కువకు చేసెదనని అందరును ఒకే పట్టికపై పాడు పద్ధతిలో, పట్టికలో లేని పని ఎవరి ధరలోను ఉండదు.

ఇక మరీ చౌక టెండరు సంగతి. 2003 జూలై 1వ తేదీ నాటి 94వ నంబరు ప్రభుత్వ ఉత్తరువు దీనికి ఒక కళ్లెము వేసినది. అంచనాకు 25 శాతము కంటె తక్కువకు పాడినవాడు, అంచనాలో 75 శాతమునకును తన ధరకును గల తేడాను అదనపు హామీగా చూపవలెను. అంచనా 10 లక్షలనుకొందము. 9 లక్షలకు పాడినవానికి ఈ బాధ లేదు. 6 లక్షల 80 వేలకు పాడినవాడు 70 వేలకు బ్యాంకు గ్యారంటీయో డ్రాఫ్టో తేవలెను. పని నడుమ విడిచి పోవువానికి ఇది అడ్డు. పూత పూసి పోవువానికి అడ్డు కాదు.

2019లో మన రాష్ట్రమున రివర్స్ టెండరింగు వచ్చినది. కొత్త ఇండ్లకు ఆ పద్ధతి ఎట్లున్నను, చెక్కి చూచినగాని పరిమాణము తెలియని మరమ్మతునకు అది పొసగదని నా అభిప్రాయము. 2024లో దానిని రద్దుచేసిరి. తక్కువ ధర ఒక్కటియే కొలబద్ద కానక్కరలేదని కేంద్ర ఆర్థికశాఖ కూడ అంగీకరించినది. 2021 అక్టోబరు మార్గదర్శకములలో, నాణ్యత ముఖ్యమని ప్రకటించిన పనులకు ధరేతర గుణములకు 30 శాతము వరకు విలువ ఇవ్వవచ్చుననినది. చిన్న కాలనీ పనికి అంత తతంగము అక్కరలేదు. ఇంతకు ముందు ఆ కాంట్రాక్టరు బాగుచేసిన శ్లాబు రెండు వానకాలముల తరువాత ఎట్లున్నదో ఒకరు పోయి చూచి వచ్చిన చాలును.

చూచుటకు చిన్న సుత్తి ఒకటి కావలెను. శ్లాబు అడుగున మెల్లగా కొట్టిన, గట్టి చోట కంగుమనును, లోన విడిన చోట డొల్లగా మ్రోగును. డొల్ల చోట్లకు సుద్దతో గీత గీయవలెను. అంచనా వ్రాయకముందు ఒకమారు, తుది బిల్లుకు ముందు ఒకమారు, ఇంటివారి యెదుట ఈ పని జరుగవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము పనులను తనిఖీ చేయుటకును, వాడిన పదార్థముల ధ్రువీకృత నమూనాలను పొందుటకును పౌరునకు హక్కు గలదు. కనుక సుత్తి పట్టుటకు మొగమాటపడనక్కరలేదు.

పట్టికలో మరియొక గడి కలదు, గడువు. పనులు జూన్ వానలకు ముందే ముగియునట్లు అందులో వ్రాయించుకొనవలెను. అక్టోబరు అని వ్రాసినచో, ఆ కాంట్రాక్టును తుపానునకే ఇచ్చినట్లు.