షుగర్ ఉన్నవాళ్లు దగ్గును తేలిగ్గా తీసుకోవద్దు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పండుగ పూట జబ్బుల మాటలేమిటి అనుకోవద్దు. పొద్దున టిఫిన్ల దగ్గర మనలో చాలామంది చక్కెర లేని కాఫీ అడగడం చూశాను. డాక్టరుగా ఈ పది నిమిషాలు అడిగి తీసుకున్నది అందుకే.

క్షయ మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1912లో యూనియన్ మిషన్ క్షయ శానటోరియం ఏర్పడింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. అప్పట్లో టీబీకి మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, అదే వైద్యం. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇప్పుడు మందులున్నాయి, ఆరు నెలలు సరిగ్గా వాడితే చాలామందికి నయమవుతుంది. అయితే టీబీకి ఇప్పుడొక తోడు దొరికింది. అది షుగర్.

టీబీ క్రిమి ఒంట్లో చేరినా చాలామందిలో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటుంది. దాన్ని కాపలా కాసేది మన రోగనిరోధక కణాలు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ కాపలా సడలిపోతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. తిరిగి టీబీ వస్తే షుగర్ పెరుగుతుంది. పైగా టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. అందుకే కొందరికి కొంతకాలం ఇన్సులిన్ అవసరమవుతుంది. భయపడి మానుకోకండి.

చిక్కేమిటంటే రెండు జబ్బుల లక్షణాలూ కలిసిపోతాయి. పుంగనూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. బరువు తగ్గుతుంటే సంకటి తగ్గించి నడక పెంచినందుకే అనుకుని సంతోషించారట. నీరసాన్ని షుగర్ మీదికి, దగ్గును చలిగాలి మీదికి నెట్టారు. తెమడ పరీక్షలో టీబీ బయటపడేసరికి మూడు నెలలు గడిచిపోయాయి. ఆ మూడు నెలలూ మనవడు ఆయన పక్కనే పడుకున్నాడు.

తిండి దగ్గర ఇంకో అయోమయం. టీబీకి బాగా తినమంటారు, షుగర్‌కి తగ్గించమంటారు. ఇంట్లోవాళ్లు ఏం పెట్టాలో తెలియక సతమతమవుతారు. కడుపు మాడ్చకండి. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగలు, ఆకుకూరలు పెట్టండి. తీపి, తెల్లన్నం అదుపులో ఉంచండి.

కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లేవాళ్లు కాస్త తేరుకోగానే మందులు ఆపేస్తుంటారు. ఊరు మారినా ప్రభుత్వాసుపత్రిలో చెబితే అక్కడికే మందులు మారుస్తారు. పరీక్షలు, మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషకాహారానికి ఇచ్చే డబ్బు నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి నామోషీ. షుగర్ ఉందని నలుగురిలో చెప్పుకుంటాం. టీబీ అంటే తలుపులేసుకున్నాక కూడా చెప్పం. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని, అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారని భయం. ఆ భయమే జబ్బును పక్కవాళ్లకు పంచుతోంది.

మీ అందరినీ కోరేది మూడే. షుగర్ ఉండి, దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం పూట జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా తెమడ పరీక్ష చేయించుకోండి. టీబీ అని తేలినవాళ్లు షుగర్ పరీక్ష చేయించుకోండి. పాఠాలు చెప్పే మిత్రులు తరగతిలో ఈ రెండు మాటలూ ఒక్కసారి చెప్పండి. పెద్దవాళ్లు డాక్టరు మాట వినకపోయినా, మనవళ్లూ మనవరాళ్లూ ఇంటికి తెచ్చిన మాట వింటారు.